ఆరేళ్ళ పొగ

జపాన్‌లోని ఉవాజిమా రేవులో తెల్లవారుజామున పడవలు చేపలు దించి వెళ్ళిపోయాక, హ్యోదో కుటుంబం చేపవడల దుకాణం వెనక, ఖాళీ పెట్టెల దొంతర పక్కన, ఆ ఇంటి కోడలు తమియే రోజూ ఐదు నిమిషాలు నిలబడుతుంది. ఆ ఐదు నిమిషాలూ ఆమె సొంతం. సముద్రం వైపు తిరిగి ఒక సిగరెట్ కాలుస్తుంది. మధ్యాహ్నం ఇంకొకటి, దుకాణం కట్టేశాక ఇంకొకటి. మనసు బాగోలేని రోజు నాలుగోది. అరవై నాలుగేళ్ళ తమియే ఇలా పొగ తాగుతుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. కనీసం ఆమె నమ్మకం అది.

ఆ నమ్మకానికి ఆధారం ఆమె భర్త కియోహారు చొక్కా జేబు. అందులో ఎప్పుడూ ఒక సిగరెట్ పెట్టె కనిపిస్తూ ఉంటుంది. అందువల్ల ఇంట్లో ఏ మూల పొగ వాసన వచ్చినా నేరం నేరుగా ఆయన మీదికే పోతుంది. తమియే నారింజ తొక్కతో వేళ్ళు రుద్దుకుని, నోరు పుక్కిలించుకుని, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వస్తుంది. నేరం మోపే పని అత్తగారు ఫుకుది. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. చెవులు మందగించాయి గానీ గొంతు మందగించలేదు.

"ఒరేయ్ కియోహారూ! పొద్దున్నే మళ్ళీ తగలేశావా? నేనింకా బతికే ఉన్నానురా, అప్పుడే నాకు ధూపం వేస్తున్నావా?"

"తప్పయిందమ్మా," అన్నాడు కియోహారు, చారు గిన్నెలోంచి తలెత్తకుండా.

"తప్పయిందంటావు, మళ్ళీ తాగుతావు. ఆ పిల్లకి అసలే ఒంట్లో బాగోదు. దాని ఊపిరితిత్తులు ఏమైపోవాలి?"

ఆ పిల్ల, అంటే తమియే, ముల్లంగి తరుగుతూ తల వంచుకుంది. ఎనిమిదేళ్ళ కింద ఆమెకి కీళ్ళవాతం వచ్చింది. అంతకు ముందు దుకాణంలో చిన్న చేపల్ని ముళ్ళతో సహా రుబ్బి, ఆ పిండిని చెక్క అచ్చులో తట్టి నూనెలోకి జార్చే పని అంతా ఆమెదే. వేళ్ళు వాచి బిగుసుకుపోయాక అచ్చు కియోహారు చేతికి వెళ్ళింది. ఆమె గల్లా దగ్గరికి వచ్చింది. మందులు బాగానే పనిచేశాయి, వాపులు తగ్గాయి. కానీ ఊళ్ళో ప్రతివాళ్ళూ వడలు పొట్లం కట్టించుకుంటూ "చేతులెలా ఉన్నాయి?" అని అడగడం మాత్రం తగ్గలేదు. "బాగానే ఉన్నాయి" అని రోజుకి ముప్ఫైసార్లు చెప్పేది. పెట్టెల వెనక మాత్రమే ఎవరూ ఏమీ అడగరు.

ఆ రోజు ఆమె ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు. మూడు నెలలకోసారి వెళ్ళేదే. ఈసారి మాత్రం ముందుగా ఒక ఉత్తరం వచ్చింది. కీళ్ళు కాక మిగతా ఆరోగ్యం ఎలా ఉందో చూడటానికి ఒక నర్సు మీతో గంటసేపు మాట్లాడతారని అందులో ఉంది.

"గంటా! నాతో గంట మాట్లాడ్డానికి ఏముంది?" అంది తమియే.

"నీతో అయితే పావుగంట చాలు," అంది ఫుకు. "ఈ వాగుడుకాయ కూడా వస్తున్నాడుగా. ఆ నర్సుకి భోజనం కట్టి తీసుకెళ్ళండి."

*

నర్సు పేరు మిజోబె. నలభై ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడుతుంది, అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేదాకా కలం కదపదు. భార్యాభర్తలిద్దరూ ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"నిద్ర బాగా పడుతోందా, తమియేగారూ?"

"బ్రహ్మాండంగా పడుతుందండీ," అన్నాడు కియోహారు. "గురక కూడా పెడుతుంది."

"గురక నాదా! మీ గురకకి మీరే లేచి, నాదనుకుని నన్ను కదుపుతారు."

"ఆకలి ఎలా ఉంది?"

"సుబ్బరంగా తింటుందండీ."

"విరేచనం సాఫీగా అవుతోందా?"

కియోహారు నోరు తెరవబోయాడు. బల్ల కింద తమియే ఆయన కాలు తొక్కింది. ఆయన నోరు మూసుకున్నాడు గానీ, అవునన్నట్టు నర్సుకేసి తల ఊపనే ఊపాడు.

మిజోబె కలం కింద పెట్టింది. "హ్యోదోగారూ, మీకు కీళ్ళవాతం ఉందా?"

"లేదండీ."

"అయితే మీ వంతు వచ్చినప్పుడు నేనే అడుగుతాను."

తర్వాత చెప్పులు విప్పించి ఎత్తు కొలిచింది. నూట నలభై తొమ్మిదిన్నర సెంటీమీటర్లు.

"నూట యాభై నాలుగు," అని సరిదిద్దింది తమియే. "పెళ్ళి నాటి నుంచీ అంతే. మీ కొలబద్ద చెడిపోయింది."

"అదా సంగతి!" అన్నాడు కియోహారు ఉండబట్టలేక. "పై అర అందడం లేదని రోజూ నన్ను పిలుస్తుంటే, ఇల్లే కుంగి అర పైకి జరిగిందనుకున్నాను."

మిజోబె నవ్వలేదు. "నడుం నొప్పి ఎప్పుడైనా వచ్చిందా?"

"చేపల పెట్టెలు ఎత్తితే ఎవరికి రాదు? రెండేళ్ళ కింద ఒకసారి పట్టేసింది. రెండు వారాలకి అదే పోయింది."

"వీపు ఎక్స్‌రే తీయిద్దాం. ఎముకల బలం కూడా చూద్దాం."

"అమ్మాయ్, నేను రోజూ తినేదే ముళ్ళతో రుబ్బిన చేప. నా ఎముకలకేమవుతుంది?"

"మంచిదేనండీ. కానీ ఎనిమిదేళ్ళుగా స్టెరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటున్నారు కదా. ముళ్ళు తెచ్చిచ్చిన బలాన్ని ఆ మాత్ర మోసుకుపోతుంటుంది."

బీపీ కాస్త ఎక్కువే ఉంది. న్యుమోనియా రాకుండా వేసే టీకా వేయించుకోలేదు. ఊరి కార్యాలయం వాళ్ళు ఏటా పిలిచే ఆరోగ్య పరీక్షకి ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ నెలల్లో దుకాణంలో గిరాకీ ఎక్కువట. తర్వాత మిజోబె చిన్న దీపం వెలిగించి నోరు తెరవమంది.

"చేతుల కోసం వస్తే పళ్ళెందుకండీ?"

"ఈ జబ్బు చేతుల్లో కనిపిస్తుంది గానీ, చేతుల్లోనే కూర్చోదు. గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు, చిగుళ్ళు, అన్నిచోట్లకీ వెళ్ళొస్తుంటుంది. మీ కీళ్ళు చూసేసరికే డాక్టర్‌గారికి టైమైపోతుంది. మిగతావి చూడమని నన్ను పెట్టారు. సిగరెట్ తాగుతారా?"

"లేదు," అంది తమియే.

"నేనండీ, నేను!" అన్నాడు కియోహారు అదే క్షణంలో, బడిలో చెయ్యెత్తే పిల్లాడిలా.

మిజోబె సొరుగులోంచి అరచేతిలో పట్టే ఒక యంత్రం తీసి దానికి కొత్త గొట్టం తగిలించింది. "పొగలో ఉండే విషవాయువు ఊపిరిలో ఎంత ఉందో ఇది చెబుతుంది. ఇక్కడికి వచ్చిన అందరిచేతా ఊదిస్తున్నాం. ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊదండి."

తమియే మెదడు చకచకా పనిచేసింది. ఊదనంటే అనుమానం. మెల్లగా ఊదితే తెలియదేమో! పుట్టినరోజు పాపాయి కొవ్వొత్తి మీద ఊదినట్టు ఊదింది.

"ఇంకొంచెం గట్టిగా. ఇంకా. ఇంకా."

ఎర్రదీపం వెలిగింది. పన్నెండు.

ముందు తేరుకున్నది కియోహారే. "అది నా పొగేనండీ! రోజుకి ఒక పెట్టె. కాదు, రెండు పెట్టెలు! మా ఇంట్లో పొగమంచు కమ్మినట్టుంటుంది. మా అమ్మ ఎక్కడుందో కేకని బట్టి వెతుక్కోవాలి. పాపం ఈవిడ నా పొగంతా పీలుస్తోంది."

"అలాగా," అని మిజోబె గొట్టం మార్చింది. "అయితే మీరూ ఊదండి."

"నాకు కీళ్ళవాతం లేదుగా!"

"మీ వంతు వచ్చిందండీ."

కియోహారు నుదురు తుడుచుకున్నాడు. తప్పించుకునే దారి కోసం తలుపు వైపు చూశాడు. చివరికి ఊదాడు. పచ్చదీపం వెలిగింది. ఒకటి.

"మానేసి ఎన్నాళ్ళయింది, హ్యోదోగారూ?"

ఆయన చెప్పుల కొసలు చూసుకున్నాడు. "ఆరేళ్ళు."

తమియే గిర్రున తిరిగింది. "ఆరేళ్ళా!" అంటూ ఆయన జేబులోంచి సిగరెట్ పెట్టె లాగింది. అట్ట అంచులు అరిగి మెత్తబడ్డాయి. లోపల నల్ల పంచదార బిళ్ళలున్నాయి.

*

మిజోబె ఆయన్ని బయట కూర్చోబెట్టి వచ్చి తలుపు వేసింది. ఇక తిట్లు మొదలవుతాయని తమియే ఒళ్ళు బిగబట్టుకుంది. నర్సు మాత్రం రోజుకి ఎన్ని, మొదటిది ఎన్నింటికి అని అడిగి రాసుకుంది. పొగ వల్ల గుండెకీ ఊపిరితిత్తులకీ ముప్పు పెరుగుతుందని, కీళ్ళ మందు కూడా సరిగ్గా పనిచేయదని చెప్పింది. ఆ తర్వాత, కాగితంలో వరస ప్రకారం వచ్చే ప్రశ్నే అడిగింది.

"ఈ నెల రోజుల్లో, ఇది చేస్తుంటే హాయిగా ఉంది అనిపించిందేదైనా ఉందా?"

తమియే ఆలోచించింది. పిండి తట్టడం పోయింది. రేవులో ఆడవాళ్ళ డోలు బృందంలో వాయించడం పోయింది. వెతగ్గా వెతగ్గా మిగిలింది ఒక్కటే.

"తెల్లవారుజామున ఆ సిగరెట్టే," అంది. ఆ మాట పైకి అనగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూడండి, నా బతుకు! చెప్పుకోడానికి ఇంకోటి లేదు."

మిజోబె రుమాళ్ళ డబ్బా ముందుకు జరిపింది. "సిగరెట్టా, లేకపోతే ఆ ఐదు నిమిషాలా?"

తమియే ముక్కు తుడుచుకుంది. మిజోబె కలం కదపలేదు.

"ఐదు నిమిషాలే," అంది తమియే చివరికి.

"అయితే అవి పోకుండా సిగరెట్ మాత్రమే ఎలా తీసేయాలో చూద్దాం. మానడానికి ఒంటికి అంటించుకునే మందు పట్టీలున్నాయి. ఇంట్లో చెప్పడం మీ ఇష్టం."

"ఇంకేం మిగిలింది చెప్పడానికి? దీపాలు వెలిగించి మరీ చెప్పేశారుగా!"

*

వ్యాను రేవు రోడ్డు ఎక్కింది. ఏ మాటైనా ముందు తనే అనే కియోహారు ఆ రోజు స్టీరింగ్ ముందు మొద్దులా కూర్చున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన్ని "మీరు" అనే తమియే, మొదటి మలుపు దగ్గరే మర్యాద వదిలేసింది.

"నీకు తెలుసు. నేను తాగుతానని నీకు తెలుసు. ఎప్పట్నుంచి?"

"నేను మానేసిన రెండో నెల నుంచి. పెట్టెల వెనక పొగ లేస్తుంటే చెత్త అంటుకుందనుకుని బకెట్‌తో నీళ్ళు పట్టుకొచ్చాను. తీరా చూస్తే నువ్వు."

"నీళ్ళు నా మీద పోయలేకపోయావా?"

"నువ్వు సముద్రం వైపు తిరిగి ఉన్నావు. నీకు జబ్బు వచ్చాక నీ మొహం అంత నిమ్మళంగా ఉండడం నేను చూడలేదు. బకెట్ పట్టుకుని వెనక్కెళ్ళిపోయాను."

"అసలు నువ్వెందుకు మానేశావు?"

"పక్కన పొగ తాగితే నీకు మంచిది కాదని డాక్టర్‌గారు చెప్పారు. మానేశానని ఇంట్లో చెబుదామనుకునేలోపే నువ్వు కనబడ్డావు. చెబితే అమ్మ ముక్కు నీ వైపు తిరుగుతుంది. అందుకని పెట్టె జేబులోనే ఉంచాను."

"ఉంచి, ఆరేళ్ళు తిట్లు తిన్నావు."

"అవి చిన్నప్పట్నుంచీ అలవాటే."

తమియేకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపం గెలిచింది. "పక్కవాళ్ళ పొగే మంచిది కాదని నువ్వు మానేశావు. నేనే నోట్లో పెట్టుకుని తాగుతుంటే కాపలా కాశావు! ఇదేం ప్రేమయ్యా? మొక్క ఎండిపోతుంటే గొడుగు పట్టుకుని నిలబడ్డట్టు!"

కియోహారు వ్యాను రోడ్డు పక్కన ఆపాడు. రేవులో పడవ ఇంజను ఒకటి టకటకమంటోంది.

"అడుగుదామని రోజూ అనుకున్నాను," అన్నాడు. "అడిగితే ఆ ఐదు నిమిషాలు కూడా నేనే లాక్కున్నట్టవుతుందని భయం. అచ్చు నీ చేతిలోంచి తీసుకున్నది నేనే కదా. ఆ రోజు నువ్వు 'తీసుకోండి' అని ఇచ్చి, వెళ్ళి గల్లా తుడుచుకున్నావు. అంత శుభ్రంగా ఉన్నదాన్ని అరగంట తుడిచావు. ఇవాళ ఆ నర్సమ్మ ఒక్క నిమిషంలో అడిగేసింది. నాకు ఆరేళ్ళు చాలలేదు."

ఆయన మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు. తమియే జేబుపెట్టెలోంచి ఒక పంచదార బిళ్ళ తీసి ఆయన నోట్లో పెట్టింది, రెండోది తను వేసుకుంది. "ఏడుస్తూ వ్యాను నడపకు. ఉన్న ఎముకలు కూడా విరుగుతాయి. పద, అత్తయ్యకి నేనే చెబుతాను."

*

ఫుకు చాప మీద కూర్చుని పుట్టగొడుగుల కాడలు తుంచుతోంది. తమియే ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె తల నేలకి ఆనించి నమస్కరించడంతో ఫుకు కంగారుపడింది.

"ఏమైందే? డాక్టర్ ఏమన్నాడు? చచ్చిపోతావన్నాడా?"

"అత్తయ్యా, ఈ ఇంట్లో సిగరెట్లు తాగేది ఈయన కాదు. నేను."

"ఓ, అదా," అంది ఫుకు. ఇంకో కాడ తుంచింది. "తెలుసు."

"తెలుసా!" ఈసారి మొగుడూ పెళ్ళాం కలిసే అరిచారు.

"చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు నాకు. ఆరేళ్ళ కింద వీడి పరుపుకి వాసన పోయింది. నీ ఏప్రన్‌కి పోలేదు. ఇందులో తెలియకపోవడానికేముంది?"

"మరి రోజూ ఈయన్నెందుకు తిట్టారు?"

"నిన్ను తిట్టాలని!" ఫుకు చేతిలోని పుట్టగొడుగు పక్కన పెట్టింది. "అంత గట్టిగా ఎందుకరుస్తానమ్మా? వీడు రెండడుగుల దూరంలోనే కూర్చుంటాడుగా. వంటింట్లో ఉన్న నీకు వినపడాలని. ఊపిరితిత్తులు, ఊపిరితిత్తులు అని రోజూ నీ ఊసెత్తి మరీ అరిచాను. నువ్వేమో ముల్లంగి తరుక్కుంటూ కూర్చున్నావు!"

"అమ్మా!" అన్నాడు కియోహారు ఆక్రోశంగా. "నేను తాగడం లేదని తెలిసి కూడా ఆరేళ్ళు నన్ను తిట్టావా?"

"నువ్వు నా కొడుకువి. నిన్ను తిట్టడానికి కారణం దేనికి?"

తమియేకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగింది. "నాకే సూటిగా చెప్పొచ్చు కదా, అత్తయ్యా?"

ముసలావిడ పుట్టగొడుగుల పళ్ళెం అటూ ఇటూ జరిపింది.

"వేళ్ళు పట్టు తప్పినా ఆదివారం ఆదివారం నా వీపు తోముతావు. తువ్వాలు పిండలేక మోచేత్తో నొక్కి పిండుతావు. నేను అటు తిరిగి కూర్చుంటాను గానీ, ఆ చప్పుడు నాకు వినపడుతూనే ఉంటుంది. ఏ నోరు పెట్టుకుని నిన్ను తిట్టను?"

మందగించిన ఆ చెవులకి అది వినపడుతోందని తమియేకి ఇన్నేళ్ళూ తెలియదు. ఆమె అత్తగారి మోకాలి మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఫుకు ఆమె వీపు నిమిరింది. కాసేపటికి గుర్తొచ్చినట్టు, "మరి నా కోడలు పొట్టిదైపోతోందని డాక్టర్‌కి చెప్పారా?" అని కొడుకుని అడిగింది.

*

ఎక్స్‌రేలో తమియే వెన్నెముకలో ఒక పూస నలిగిపోయి ఉందని తేలింది. రెండేళ్ళ కింద పట్టేసిందనుకున్న నొప్పి అదే. ఇంకో పూస నలగకముందే కనిపెట్టారు. ఎముకలకి సూది మందు మొదలుపెట్టారు, బీపీకి మాత్ర ఇచ్చారు, చిగుళ్ళకి పళ్ళ డాక్టర్ దగ్గరికి పంపారు. పెట్టెలు ఎత్తొద్దన్నారు. భుజానికి పట్టీ అంటించుకుని తమియే సిగరెట్ మానడం మొదలుపెట్టింది.

మొదటి మూడు వారాలూ ఆ అవస్థ వీధంతా పడింది. చేతులెలా ఉన్నాయని అడిగిన చేపల వర్తకుడితో "మీ చేతులెలా ఉన్నాయి? మీ కాళ్ళు? మీ పళ్ళు?" అని మొదలుపెట్టి వదల్లేదు. ఫుకు చారులో ఉప్పు తక్కువైందన్న రోజు ఉప్పు డబ్బానే తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. కియోహారు అవసరం లేకపోయినా రేవుకి రోజుకి నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. పంతొమ్మిదో రోజున తమియే ఒకటి కాల్చేసింది. మర్నాడు తనే మిజోబెకి ఫోన్ చేసి చెప్పింది. "చెప్పినందుకు సంతోషం. ఇవాళ మళ్ళీ మొదటి రోజు అనుకోకండి, ఇరవయ్యో రోజే," అంది మిజోబె. తమియే ఆ మాట గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ కాల్చలేదు.

చలి విడిచిన ఒక ఉదయం ఆమె ఎప్పటిలాగే దుకాణం వెనకకి వెళ్ళింది. అక్కడ రెండు పెట్టెలు బోర్లించి ఉన్నాయి. ఒకదాని మీద కియోహారు కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళిపోనా అన్నట్టు చూశాడు. వద్దన్నట్టు తలూపి, ఆమె రెండో దాని మీద కూర్చుంది.

ఆయన వాతావరణం గురించి మాట్లాడలేదు, చేపల గురించి మాట్లాడలేదు. చేతులెలా ఉన్నాయని అడగలేదు. మాట్లాడకుండా ఉండటానికి ఆయన పడుతున్న కష్టం మెడ నరాల్లో తెలుస్తోంది.

"ఎడమ మణికట్టు నొప్పిగా ఉంది," అంది తమియే. "నిన్నటి నుంచి."

ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆమె ఆయనతో అనడం అదే మొదటిసారి. ఆయన కంగారుగా ఆమె వైపు తిరిగాడు. "ఏం చెయ్యను?"

"ఏం చెయ్యొద్దు. వినండి చాలు."

మణికట్టుతో మొదలుపెట్టింది. తర్వాత సీసా మూత రాని రోజుల గురించి, గుండీలు పెట్టుకోలేక స్నానాల గదిలో ఒంటరిగా ఏడ్చిన రోజు గురించి, అచ్చు ఇచ్చేసిన రోజు గల్లా బల్లని అరగంట ఎందుకు తుడిచిందో దాని గురించి చెప్పింది. లోపల్నుంచి ఫుకు చారు చల్లారిపోతోందని రెండుసార్లు కేకేసింది. మూడోసారి కేక రాలేదు. ఆవిడకి ఏం అర్థమైందో, తన గిన్నె తను వడ్డించుకుని తాగేసింది.

ఆ ఉదయం వేళకి తెరుచుకోని దుకాణం ముందు నలుగురైదుగురు నిలబడి తలుపు కొట్టి చూశారు. ఉవాజిమాలో ఎనిమిదింటి దాకా చేపవడలు దొరకలేదు.